మందిరం పాట హాలు మెట్లెక్కినప్పుడు



క్రిస్మస్ దినాలు దగ్గరపడుతున్న కొద్దీ మన సంఘాల్లోని క్వయర్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఈసారి పాటల కార్యక్రమం చర్చిలోనే పెట్టుకుందామా, లేక హాలు తీసుకుని అందరినీ పిలుద్దామా? యవ్వనస్థులు హాలు అంటారు. పెద్దలు కొందరు వెనకాడతారు. ఆరాధన కోసం నేర్చుకున్న పాటను టికెట్లు చింపే చోట పాడవచ్చునా అన్నది వారి బాధ. రెండు పక్షాల్లోనూ భక్తి ఉంది, న్యాయమూ ఉంది. అందుకే ఈ వారం ఈ విషయాన్ని చరిత్ర వెలుగులోనూ, వాక్యపు వెలుగులోనూ కొంచెం నిదానంగా చూద్దాం.

నడిచి వెళ్లేంత దూరం

హైదరాబాదులో ఈ ప్రశ్నకు అబిడ్స్, నాంపల్లి ప్రాంతాన్ని మించిన చోటు లేదు. సెయింట్ జార్జెస్ చర్చి ఇక్కడే ఉంది. దాని పేరుతో నడిచే గ్రామర్ స్కూలు 1834 నాటిది. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ ఉంది. 1870లో పునాది వేసిన ఆ ఆలయం 1875 క్రిస్మస్ నాటికి ఆరాధనకు తెరుచుకుంది. చాపెల్ రోడ్డుకైతే పేరులోనే ప్రార్థనాలయం ఉంది. తరతరాలుగా ఇక్కడి చర్చిల్లోనూ మిషన్ బడుల్లోనూ పిల్లలు సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు స్వరాల పాట నేర్చుకుంటూ వచ్చారు.

అక్కడి నుంచి నాంపల్లి స్టేషన్ దాటి కాస్త ముందుకు వెళితే పబ్లిక్ గార్డెన్స్. అందులో జూబిలీ హాలు ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకు ఇరవై అయిదేళ్లు నిండినందుకు 1937లో జరిగిన రజతోత్సవమే ఆ పేరుకు మూలం. ఆ తోటలోనే ఆరుబయలు రంగస్థలం లలిత కళా తోరణం ఉంది. తోట దాటితే, అసెంబ్లీకి దగ్గరలో, రవీంద్రభారతి. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరమైన 1961లో అది ప్రారంభమైంది. తెలుగువారి నాటకం, నాట్యం, సంగీతం, సన్మాన సభలు అన్నీ ఆ వేదిక ఎక్కినవే. అక్కడ పాడే అవకాశం రావడాన్ని ఏ గాయకుడైనా గౌరవంగానే తలుస్తాడు.

అంటే మన చర్చిలకూ నగరంలోని పేరున్న హాళ్లకూ మధ్య ఉన్నది నడిచి వెళ్లేంత దూరమే. అయితే ఆ కొద్ది దూరంలో పాటకు ఏం జరుగుతుంది అన్నదే ఆలోచించవలసిన సంగతి.

మందిరం బయట పాడినవారు

పరిశుద్ధ గ్రంథంలో గాయకుల సేవ మందిరంతో ముడిపడి ఉంది. దావీదు ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాలను ఈ పనికి ప్రత్యేకించాడు. మొదటి దినవృత్తాంతముల ఇరవై అయిదో అధ్యాయంలో నేర్పరులైన గాయకుల లెక్క 288. వారిలో గురువు, శిష్యుడు అన్న భేదం చూడకుండా వంతుల కోసం చీట్లు వేశారు. అదే గ్రంథం పదిహేనో అధ్యాయంలో కెనన్యా పాట నేర్పే పనికి నియమితుడు కావడానికి కారణం కూడా రాసి ఉంది: అతనికి ఆ విద్య బాగా వచ్చు. భక్తి ఉంటే చాలు, సాధన అక్కరలేదు అనేవారు ఈ మాట గమనించాలి.

కానీ పాట మందిరపు గోడల లోపలే ఉండిపోలేదు. యెహోషాపాతు కాలంలో గాయకులు సైన్యానికి ముందు నడిచారు. ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సీల కాళ్లకు బొండ వేసి ఉండగా మధ్యరాత్రి వేళ పాడారు. అక్కడ సంఘం లేదు. వింటున్నవారు తోటి ఖైదీలు. వారు ప్రార్థనకు వచ్చినవారు కారు, ఆ పాట తెలిసినవారూ కారు. అయినా విన్నారని లూకా రాశాడు. ఆ రాత్రి అందరి సంకెళ్లూ ఊడిపోయాయి.

మరోవైపు, బబులోను చెరలో ఉన్నవారిని తమ వినోదం కోసం పాడమని అడిగినప్పుడు వారు సితారాలు చెట్లకు తగిలించారు. కాబట్టి ఎక్కడైనా పాడవచ్చు అన్నదీ, ఎక్కడ పడితే అక్కడ పాడకూడదు అన్నదీ రెండూ వాక్యంలో ఉన్నాయి. తేడా చోటులో లేదు. ఎవరి కోసం పాడుతున్నాం, ఆ పాట వల్ల ఎవరికి విడుదల కలుగుతోంది అన్న దగ్గర ఉంది.

డబ్లిన్‌లో జరిగినది

ఈ తగాదా మనతో మొదలైనది కాదు. జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ రాసిన ‘మెసయా’ పేరు మన క్వయర్లలో తెలియనివారుండరు. అది ఒరటోరియో, అంటే వేషాలూ నటనా లేకుండా వాక్యాన్ని పాటగా వినిపించే పెద్ద సంగీత రచన. దాన్ని మొదట పాడింది చర్చిలో కాదు. 1742 ఏప్రిల్ 13న ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, ఫిషాంబుల్ వీధిలోని సంగీతశాలలో పాడారు. పాడినవారు మాత్రం ఆ ఊరి రెండు కథెడ్రళ్ల క్వయర్లవారు. వారిలో సెయింట్ పాట్రిక్స్ కథెడ్రల్‌కు అప్పటి డీన్ ‘గలివర్ యాత్రలు’ రాసిన జోనాథన్ స్విఫ్టే. తన గాయకులు సంగీతశాలలో పాడటానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత మెత్తబడ్డాడు.

ఆ కార్యక్రమాన్ని మూడు పనుల కోసం ఏర్పాటు చేశారు: అప్పులు తీర్చలేక జైల్లో ఉన్నవారి విడుదల, మెర్సర్స్ ఆస్పత్రి, మరొక ధర్మాస్పత్రి. ఎక్కువమందికి చోటు దొరకాలని, స్త్రీలు వెడల్పాటి గౌన్లు వేసుకోకుండా, పురుషులు కత్తులు కట్టుకోకుండా రావాలని ముందుగానే ప్రకటించారు. దాదాపు 700 మంది వచ్చారు. వచ్చిన డబ్బుతో 142 మంది అప్పుల ఖైదీలు విడుదలయ్యారు.

మరుసటి సంవత్సరం లండన్‌లో అదే రచనను కోవెంట్ గార్డెన్ నాటకశాలలో పాడబోతే పత్రికల్లో గొడవ లేచింది. దేవుని వాక్యాన్ని నాటకాల వేదిక మీద, నాటకాల వారి నోట పాడించడమేమిటని అడిగారు. హాండెల్ ఆ ప్రకటనల్లో ‘మెసయా’ అనే పేరే వాడకుండా, కొత్త పవిత్ర ఒరటోరియో అని మాత్రం వేశాడు. ఆ రచనకు లండన్‌లో నిజమైన ఆదరణ దొరికింది 1750 నుంచి. అనాథ శిశువుల ఆశ్రమమైన ఫౌండ్లింగ్ హాస్పిటల్ ప్రార్థనాలయంలో, ఆ పిల్లల పోషణ కోసం దాన్ని పాడటం మొదలుపెట్టిన తర్వాత అది ఏటేటా సాగింది. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులోనూ రాయల్ కోరల్ సొసైటీ 1876 నుంచి శుభ శుక్రవారాల్లో దాన్ని పాడుతూ వస్తోంది.

ఇక్కడ ఒక మాట. ‘హల్లెలూయ’ కోరస్‌కు ఇంగ్లండు రాజు లేచి నిలబడ్డాడని మన సభల్లో తరచుగా చెబుతాం. ఆ కథ మొదట కనిపించేది ఆ ప్రదర్శన జరిగిన దశాబ్దాల తర్వాత, 1780లో రాసిన ఒక ఉత్తరంలో. నిలబడటం మంచి ఆచారమే, మానవలసిన పని లేదు. కానీ రాజు నిలబడ్డ కథ కంటే, 142 మంది జైలు గుమ్మం దాటిన సంగతి మన పిల్లలకు ముందుగా చెప్పదగినది.

మరో జూబిలీ హాలు

నాంపల్లిలో ఉన్నట్టే అమెరికాలోని నాష్‌విల్‌లోనూ ఒక జూబిలీ హాలు ఉంది. అక్కడి ఫిస్క్ విద్యాలయం 1866లో, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవారి చదువు కోసం పెట్టినది. కొన్నేళ్లకే అది మూతపడే స్థితికి వచ్చింది. 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు తమ ఉపాధ్యాయుడు జార్జ్ వైట్‌తో కలిసి పాటలు పాడి డబ్బు తేవడానికి బయలుదేరారు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారే.

మొదటి రోజుల్లో వారికి దొరికింది తక్కువ. ఒహాయోలో ఒక కచేరీకి 50 డాలర్లు కూడా నిండలేదు. అప్పుడే షికాగో నగరం కాలిపోయిందని విని ఆ మొత్తాన్ని అక్కడి బాధితులకే ఇచ్చేశారు. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయంలో బానిసలకు విడుదల చాటే సునాద సంవత్సరాన్ని తలచుకుని తమ బృందానికి జూబిలీ గాయకులని పేరు పెట్టుకున్నారు.

వారికీ మన పెద్దలకున్న సందేహమే ఉండేది. తమ తల్లిదండ్రులు చాటుగా, కన్నీళ్లతో పాడుకున్న భక్తి గీతాలను పరాయివారి ముందు పాడటానికి మొదట జంకారు. అవి పవిత్రమైనవి, కచేరీకి తగవు అనుకున్నారు. చివరికి వాటినే పాడారు. జనం మనసు కరిగింది కూడా వాటికే. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడారు. వారు తెచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో ప్రారంభమైంది. మన నాంపల్లి హాలు ఒక రాజు పాలనకు గుర్తు. ఆ హాలు బానిసల పిల్లలు పాడి కట్టుకున్న బడి.

హాలు ఏం అడుగుతుంది

ఇప్పుడు పని సంగతికి వద్దాం. చర్చిలో చక్కగా వినిపించిన క్వయర్ హాలులో పలచగా వినిపించడం మామూలే. దానికి కారణం గాయకుల విశ్వాసం తగ్గడం కాదు, గోడలు మారడం. పాట ఆపిన తర్వాత శబ్దం గోడల మధ్య తిరిగి సన్నగిల్లడానికి కొంత సమయం పడుతుంది. పెద్ద రాతి ఆలయాల్లో అది నాలుగైదు సెకన్లు, ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు. సంగీతం కోసమే కట్టిన పెద్ద హాళ్లలో రెండు సెకన్ల దరిదాపు. మాట స్పష్టంగా వినబడాలని కట్టే నాటకశాలల్లో ఒక సెకను దరిదాపు. ఈ లెక్కను శాస్త్రంగా తేల్చినవాడు వాలెస్ సబీన్. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆయన లెక్కల ప్రకారమే కట్టారు. రాయల్ ఆల్బర్ట్ హాలు 1871లో తెరిచిన నాటి నుంచీ మారుమోతతో బాధపడి, దాదాపు వందేళ్ల తర్వాత పైకప్పు కింద పెద్ద పెద్ద పళ్లేల వంటివి వేలాడదీసి దాన్ని తగ్గించుకుంది.

మన క్వయర్‌కు దీనివల్ల తెలియవలసినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, తెరలూ మెత్తటి కుర్చీలూ శబ్దాన్ని మింగేస్తాయి. చర్చిలో గోడలు మన పాటను మోసుకెళ్లేవి. హాలులో ఎవరి గొంతు వారికే ఒంటరిగా వినిపిస్తుంది. భయపడి అరవకూడదు. తెరకు ఆనుకుని కాకుండా వేదిక ముందుకు వచ్చి, అర్ధచంద్రంగా దగ్గర దగ్గరగా నిలబడితే ఒకరికొకరు వినబడతారు.

రెండు, చర్చిలో సాగదీసిన పాట హాలులో నీరసిస్తుంది. వేగం కొంచెం పెంచాలి. అందరూ ఒకేచోట ఊపిరి తీయకుండా వంతులుగా తీయాలి.

మూడు, హాలులోనే కనీసం ఒక్కసారైనా పూర్తి ప్రాక్టీస్ చేయాలి. పాట తెలిసినవారిని కాక తెలియనివారిని ఒకరిని చివరి వరుసలో కూర్చోబెట్టి, మాటలు అర్థమయ్యాయా అని అడగాలి. ఖాళీ హాలు వేరు, జనం నిండిన హాలు వేరు అన్నదీ మరచిపోవద్దు. మనుషులు కూడా శబ్దాన్ని మింగుతారు.

నాలుగు, మనిషికొక మైకు వద్దు. ముందు వరుసకు కాస్త ఎదురుగా, ఎత్తులో పెట్టిన రెండు మూడు మంచి మైకులు చాలు. మనిషికొక మైకు ఇస్తే క్వయర్ పోయి నలుగురు గాయకులు మిగులుతారు. ట్రాక్ పెట్టి దాని మీద పాడితే అదీ మిగలదు.

ఏ పాట తీసుకెళ్లాలి

హాలు అనగానే ఇంగ్లీషు ఆంథమ్‌ల వైపే చూడటం మనకు అలవాటు. వాటిని నేర్చుకోవడం మంచిదే. నాలుగు స్వరాలు కలిపి పాడే క్రమశిక్షణ వాటివల్లే మనకు వచ్చింది. కానీ నగరంలోని తెలుగు శ్రోతకు మనం మాత్రమే ఇవ్వగలిగినది మరొకటి ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాటకు పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారు, ఆయన తర్వాతి కవులు, ఈ నేల సంగీతంలోనే రక్షకుని పాడారు. త్యాగరాజ కీర్తనలు, రామదాసు కీర్తనలు విని పెరిగిన చెవులకు ఆ రాగాలు పరాయివి కావు. అర్థం కావడానికి వారికి మరో పరిచయం అక్కరలేదు.

అయితే కీర్తనను తెచ్చి నాలుగు స్వరాల్లో బిగిస్తే రాగం నలిగిపోతుంది, గమకాలు పోతాయి. ఇందుకొక సులువైన మార్గం ఉంది. పల్లవి అందరూ ఒకే స్వరంలో పాడాలి. చరణాలు స్త్రీలూ పురుషులూ వంతులుగా అందుకోవాలి. బాస్ గొంతులు తంబురాలాగా ఆధార షడ్జమాన్నీ పంచమాన్నీ నిలిపి ఉంచవచ్చు. రాగానికి పంచమం లేకపోతే షడ్జమం ఒక్కటే చాలు. వయొలిన్, మృదంగం లేక తబలా, హార్మోనియం తోడైతే చాలు. రాగం తెలిసిన పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారు ఉండగానే పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడే పాటకు మినహాయింపు ఇస్తుంది. వృత్తి గాయకులు కాని బృందం ఉచిత ప్రవేశంతోనో, ఒక మత సంస్థ ప్రయోజనం కోసమో పాడినా మినహాయింపు ఉంది. వీటికి బయట టికెట్ పెట్టి పాడినా, రికార్డు చేసి నలుగురిలో పెట్టినా, ఈ కాలపు రచయితల పాటలకు అనుమతి తీసుకోవాలి. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటిన రచనలకు ఆ చిక్కు లేదు. పక్కవాడి పాటను అడగకుండా వాడుకుని, దాన్ని దేవునికి అర్పణ అనడం తగదు.

వచ్చినవారిని అతిథులుగా చూడాలి

హాలుకు అన్ని మతాలవారూ వస్తారు. మన పొరుగువారు, ఆఫీసులో స్నేహితులు, సంగీతం మీద ఇష్టంతో వచ్చినవారు ఉంటారు. పాటల కార్యక్రమం అని పిలిచి మధ్యలో గంట ప్రసంగం పెడితే వారికి ఇచ్చిన మాట తప్పినట్టే. పాటకు ముందు రెండు మాటల్లో దాని భావం, రాసినవారి పేరు చెబితే చాలు. మిగిలినది పాట చెబుతుంది. వారు చప్పట్లు కొడితే ముఖం చిట్లించవద్దు. సంతోషాన్ని తెలపడానికి హాలులో ఉన్న మర్యాద అది. తల వంచి అందుకుని, లోలోపల దాన్ని చెందవలసిన వానికి అప్పగించాలి.

టికెట్ పెడితే ఆ డబ్బు ఎటు పోతుందో వేదిక మీదే చెప్పాలి, తర్వాత లెక్క చూపాలి. డబ్లిన్ ఖైదీల వంటివారు మనకు దూరంగా లేరు. జరిమానా కట్టలేక, బెయిలు వచ్చినా పూచీకత్తు ఇవ్వలేక జైల్లోనే ఉండిపోయే పేదలు మన దేశంలో ఉన్నందువల్లనే, అలాంటివారికి ఆర్థిక సాయం చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2023–24 బడ్జెట్‌లో ప్రకటించింది. ఒక సాయంత్రపు పాటతో ఒక్క మనిషి ఇంటికి చేరినా, ఆ హాలు అద్దెకు ఫలం దక్కినట్టే. ఆస్పత్రి బిల్లు, ఫీజు కట్టలేక ఆగిన చదువు, ఇవీ ఆ కోవలోనివే.

తిరిగి వచ్చాక

చివరి మాట, మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది. హాలులో పాడి వచ్చిన క్వయర్‌కు ఒక శోధన ఎదురవుతుంది. మరుసటి ఆదివారం చర్చి కూడా వారికి హాలులాగే కనిపించవచ్చు. సంఘానికి తెలియని పాటలు, అందని శ్రుతి, ఎదురుగా కూర్చున్నవారు శ్రోతలు. మెల్లగా సంఘం పెదవులు మూసుకుంటుంది. పుస్తకం తెరిచే చేతులు తగ్గుతాయి. ఇది కొన్నిచోట్ల ఇప్పటికే జరుగుతోందని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

క్వయర్ హాలులో నిలబడేది సంఘం తరఫున. ఆ 288 మంది గాయకులు కూడా ఇశ్రాయేలు అంతటి తరఫున నిలబడినవారే. పంపిన సంఘమే పాడటం మానేస్తే, క్వయర్ ఎవరి పాటను మోసుకెళుతుంది? కాబట్టి హాలు కార్యక్రమం ఒప్పుకునే ముందే ఒక ఒప్పందం చేసుకుంటే మంచిది. హాలులో పాడబోయే పాటల్లో కనీసం సగం సంఘానికీ నేర్పాలి. ఆరాధన తర్వాత పది నిమిషాలు చాలు. వృద్ధులకు అందే శ్రుతి పెట్టాలి. హాలు నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం క్వయర్ వేదిక దిగి, సంఘం మధ్యలో అక్కడక్కడ కూర్చుని, అందరితో కలిసి అవే కీర్తనలు పాడాలి. పక్కన బలమైన గొంతు ఒకటి ఉంటే, సిగ్గుపడే గొంతుకు ధైర్యం వస్తుంది.

అలా చేయగలిగిన సంఘాలు నిస్సంకోచంగా హాలు తీసుకోవచ్చు. రవీంద్రభారతి వేదికైనా, లలిత కళా తోరణమైనా, ఊళ్లోని చిన్న కల్యాణ మండపమైనా సరే. క్వయర్‌కు ప్రాక్టీస్ మొదలయ్యే ఈ రోజుల్లో సంఘకాపరులు, క్వయర్ మాస్టర్లు, పెద్దలు ఒకసారి కలిసి కూర్చోవాలని కోరుతున్నాం. హాలు బుక్ చేసే ముందు రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఈ పాటల వల్ల ఎవరికి సాయం అందుతుంది, వీటిలో ఏవి మన సంఘం నేర్చుకుంటుంది. ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగిలిన ఏర్పాట్లు కష్టం కావు. ప్రభువు మన గాయకులకు మంచి గొంతునూ, దీన మనసునూ అనుగ్రహించును గాక.